కొత్త థ్రిల్లర్ రాసిన రచయితతో సభలో మాట్లాడాలి, గుట్టు బయటపడకుండా ఏం అడగాలి?

రాయగడ_పాఠకురాలు

అందరికీ నమస్కారం. మాది రాయగడ. ఇక్కడ తెలుగు పుస్తకాలు చదివేవాళ్లం కొందరం నెలకోసారి కలుస్తుంటాం. వచ్చే నెల ఒక క్రైమ్ నవలా రచయితని పిలిచాం, వస్తానన్నారు. ఆయన కొత్త నవల కథంతా మన సరిహద్దులోనే, పార్వతీపురంలో మొదలై రాయగడ మీదుగా కోరాపుట్ దాకా వెళ్తుంది. ఆయనతో గంటసేపు మాట్లాడే బాధ్యత మావాళ్లు నా మీద పెట్టారు. ఇష్టంగానే ఒప్పుకున్నాను, నవల నాకు బాగా నచ్చింది. కానీ ఏం అడగాలో కూర్చుని రాసుకుంటుంటే చెయ్యి ఆడటం లేదు.

యూట్యూబ్‌లో క్రైమ్ రచయితల ఇంటర్వ్యూలు చాలా చూశాను. అడిగేవాళ్లు పుస్తకం తెరవలేదని రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. ఈ ఐడియా ఎలా వచ్చింది, మీకు స్ఫూర్తి ఎవరు, దీన్ని సినిమా తీస్తారా, ఈ మూడూ అయిపోయాక ఇంక ఇద్దరూ నవ్వుకుంటూ కూర్చోవడమే. చదివి వచ్చినవాళ్లేమో ఉత్సాహం ఆపుకోలేక సగం కథ వాళ్లే చెప్పేస్తారు, ఆ వీడియో చూశాక పుస్తకం కొనాలనిపించదు.

నాకు నిజంగా అడగాలని ఉన్నది ఎలాంటిదో చెప్తాను. మొదట్లోనే ఒకచోట రైల్వే లైను పక్కన ఇంట్లో ఒకావిడ రాత్రిపూట గంజి వారుస్తూ ఉంటుంది. తలుపు మీద చప్పుడవుతుంది. చేతిలో గిన్నె దించకుండానే ‘తీసే ఉంది’ అంటుంది. అంతే, అక్కడితో ఆ పేరా అయిపోయింది. మొదటిసారి చదివినప్పుడు నా ధ్యాసంతా గంజి ఆవిరి మీద, సిబ్బిరేకు జారి గిన్నెకి తగిలిన చప్పుడు మీద, బయట గూడ్సు బండి ఎంతకీ తరగకుండా పోతూ ఉండటం మీద ఉంది. పుస్తకం పూర్తిచేసి మళ్లీ అక్కడికొస్తే అప్పుడు తట్టింది, రాత్రిపూట ఒంటరిగా ఉన్న ఆడమనిషి ఎవరని కూడా అడగకుండా ఆ మాట ఎందుకంది అని. ఇంతకన్నా చెప్పను, కథ చాలామలుపులు తిరుగుతుంది కాబట్టి ఇంతవరకు చెబితే నష్టం లేదు.

ఇలాంటి వాటి గురించి మాట్లాడాలి. కానీ వచ్చేవాళ్లలో సగంమంది చదివి ఉండరు. ఒడియావాళ్లు కూడా కొందరు వస్తారు, వాళ్లకి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు, అంటే వాళ్లకి ఆ నవల గురించి తెలిసేదంతా ఆ గంటలోనే. ఎలా అడిగితే బాగుంటుంది? ఇలాంటి సభలు నడిపినవాళ్లు, చూసినవాళ్లు కాస్త చెప్పండి.

జైపూర్_కిటికీ_సీటు

మేడమ్, ఆ గంజి వార్చే పేరా దగ్గరే మొదలుపెట్టండి. స్ఫూర్తి గురించి అడక్కండి.

ఎలాగంటే, ఆ పేజీ మొత్తం ఆయన చేతే చదివించండి. మీరు ఏ వాక్యం మీదా వేలు పెట్టి చూపించొద్దు. చదవడం అయ్యాక, ‘ఈ పేజీ మొదటి డ్రాఫ్ట్‌లో ఇలాగే ఉందా, నవల పూర్తయ్యాక వెనక్కి వచ్చి ఏమైనా మార్చారా’ అని అడగండి. చదివినవాళ్లకి మీరు దేని గురించి అడుగుతున్నారో చటుక్కున అర్థమవుతుంది, చదవనివాళ్లకి ఒక రచయిత ఎలా పనిచేస్తాడో తెలుస్తుంది, ఇంటికి వెళ్లి చదివేటప్పుడు ఆ పేజీ దగ్గర వాళ్లు కాస్త ఆగుతారు. గుట్టు బయటపడదు.

మిస్టరీ రాసేవాళ్లని అడగాల్సిన అసలు సంగతి నా లెక్కలో ఇదే: హంతకుడెవరో మీకు ఎప్పుడు తెలిసింది? చాలామంది చదివేవాళ్లు రచయితకి మొదటి రోజు నుంచే అన్నీ తెలుసనుకుంటారు. అగాథా క్రిస్టీ రాసుకున్న నోటు పుస్తకాలు 73 దొరికాయి, జాన్ కరన్ అనే ఆయన వాటిని పరిశీలించి 2009లో పుస్తకం వేశాడు. వాటిల్లో చూస్తే ఆవిడ ఒకే కథకి ఈ మనిషి చేసుంటే ఎలా ఉంటుంది, కాదు ఆ మనిషి చేసుంటే అని రకరకాలుగా వేసి చూసుకుంటుంది. అంత పేరున్న మనిషి కూడా అలా తడుముకుంటూ రాసిందని తెలిసినప్పుడు నాకు ఆవిడ మీద గౌరవం ఇంకా పెరిగింది. మీ రచయితని కూడా అడగండి, మధ్యలో ఎప్పుడైనా నేరం వేరేవాళ్ల మీదికి మార్చారా అని. పేరు చెప్పక్కర్లేదు, అవునా కాదా, మారిస్తే దానికోసం ముందు అధ్యాయాల్లో ఎంత తిరగరాయాల్సి వచ్చింది, అది చాలు.

రెండోది, సస్పెన్స్ గురించి. 1962లో ఫ్రెంచి దర్శకుడు త్రూఫో అమెరికా వెళ్లి సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్‌తో దాదాపు వారం రోజులు కూర్చుని మాట్లాడాడు, 1966లో అది పుస్తకంగా వచ్చింది. అందులో హిచ్‌కాక్ చెప్పిన బాంబు ఉదాహరణ చాలామందికి తెలిసే ఉంటుంది. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని ఏదో కబుర్లాడుకుంటున్నారు, బల్ల కింద బాంబు ఉందని చూసేవాళ్లకి తెలియదు, అది పేలితే 15 సెకన్ల ఉలికిపాటు. బాంబు ఉందని, ఫలానా టైముకి పేలుతుందని చూసేవాళ్లకి ముందే చెప్పేస్తే అవే కబుర్లు 15 నిమిషాల సస్పెన్స్ అవుతాయి. మీ నవల ఈ రెంటిలో ఏది? పాఠకుడికి ఏం ముందే చెప్పాలి, ఏం దాచాలి అని ఆయన ఎక్కడెక్కడ తేల్చుకున్నారు? దీనికి ఏ రచయితైనా పావుగంట మాట్లాడతాడు, కథ బయటపెట్టే పని లేకుండా.

ఆ సంభాషణ ఇన్నేళ్లయినా ఎందుకు చదువుతున్నామంటే త్రూఫో ఆ సినిమాలన్నీ క్షుణ్ణంగా చూసి వెళ్లాడు, ఫలానా షాట్ అక్కడ ఎందుకు పెట్టావని అడగగలిగాడు. మీరు పుస్తకం మళ్లీ చదివి ఆ పేరా పట్టుకున్నారు చూశారా, ఇంక మీరు భయపడాల్సింది ఏమీ లేదు.

పర్లాకిమిడి_ప్లీడరు

అమ్మా, నేను కోర్టుల్లో చాలాకాలం పనిచేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉండి డిటెక్టివ్ నవలలు చదువుకుంటున్నవాణ్ణి. పై ఆయన చెప్పినవి బాగున్నాయి. నాకు తోచిన ఒక దారి చెప్తాను, అది కథకి సంబంధం లేకుండా కథ గురించి మాట్లాడే దారి: దర్యాప్తు ఎలా రాశారు?

మన సరిహద్దులో నేరం జరిగితే మొదటి తగువే అది ఎవరి కేసు అని. శవం పార్వతీపురం వైపు కాలవలో తేలింది, గొడవ జరిగింది రాయగడ వైపు ఊళ్లో. లేదా రాత్రి రైల్లో జరిగింది, అప్పుడు మామూలు ఠాణా కాకుండా రైల్వే పోలీసులు, అంటే జీఆర్పీ వస్తారు. కొఠియా సంగతి మీకు తెలిసిందే, అక్కడి 21 ఊళ్లు ఎవరివన్నది ఆంధ్ర, ఒడిశా సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఇంకా తేల్చుకోలేదు, అక్కడ ఒక హత్య జరిగిందని రాస్తే ఎవరు ముందు వెళ్తారు, ఎవరు పంచనామా చేస్తారు? ఆంధ్ర వైపు సీఐ అంటారు, ఇక్కడ ఠాణాకి పెద్ద ఐఐసీ. ఆ రచయిత ఈ రెండు వైపులా తిరిగి చూశారా, ఏ ఠాణాలో కూర్చుని ఎవరితో మాట్లాడారు, వాళ్లు ఏం చెప్పారు, ఇవన్నీ అడగండి. వచ్చినవాళ్లలో ప్రతి ఒక్కరికీ దీనిమీద ఏదో ఒకటి తెలిసి ఉంటుంది, అందరూ చెవులు రిక్కించి వింటారు.

ఇంకొకటి. 2024 జులై 1 నుంచి చట్టాలు మారాయి. ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్య ఇప్పుడు 302 కాదు, 103. సీఆర్పీసీ బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అందులో 173 సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సరే దగ్గర్లో ఉన్న ఠాణాలో చెప్పుకోవచ్చు, ఇది మా పరిధి కాదని తిప్పి పంపకూడదు. జీరో ఎఫ్ఐఆర్ అని పేపర్లలో రాసేది అదే. ఇది వరకు నవలల్లో ‘మా స్టేషన్ పరిధి కాదు’ అన్న ఒక్క మాటతో పది పేజీలు నడిచేవి. ఇప్పుడు కథ 2024 జులై తర్వాత జరిగినట్టు రాస్తే అది చెల్లదు. ఆయన కథ ఏ ఏడాదిలో పెట్టారు, అలా ఎందుకు పెట్టారు అని అడిగి చూడండి, దీనికి ఆయన దగ్గర కచ్చితంగా ఏదో జవాబు ఉండి తీరుతుంది.

నాకు ఎప్పటినుంచో ఉన్న బాధ చెప్తాను. మన తెలుగు థ్రిల్లర్లు చాలావాటిలో ఆఖరి అధ్యాయంలో నిందితుణ్ణి పోలీసు ముందు కూర్చోబెట్టి నేరమంతా వాడి నోటితోనే ఒప్పించి పుస్తకం మూసేస్తారు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో ఒప్పుకున్నట్టు కాదు. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 23. మేజిస్ట్రేటు ముందు చెబితే వేరే సంగతి. కాబట్టి ఆ ముగింపు తర్వాత నిజంగా ఆ మనిషికి శిక్ష పడుతుందా, సాక్ష్యం ఏముంది అన్నది రచయిత ఆలోచించాడా లేదా? ఈ నవల ముగింపు నేను చదవలేదు. ముగింపు చెప్పకుండానే, ‘మీ పుస్తకంలో నేరం రుజువు కావడం ముఖ్యమా, పాఠకుడికి తెలిస్తే చాలా’ అని అడగొచ్చు.

కానీ ఆయన్ని పట్టుకోవడానికి అడగకు తల్లీ. నవలకి కొంత స్వేచ్ఛ ఉంటుంది. తెలిసే పక్కకు తప్పుకున్నారా, ఎందుకు తప్పుకున్నారు అన్నట్టు అడిగితే మనిషి మనసు విప్పి మాట్లాడతాడు.

రాయగడ_పాఠకురాలు

చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. ఆయన చేత చదివించడం అన్నది నాకు అసలు తట్టలేదు. ప్లీడరు గారూ, కథ 2025లో జరుగుతుంది, సెక్షన్లు సరిగ్గానే రాశారో లేదో ఈ రాత్రే చూస్తాను.

ఇంకో రెండు సంగతులు. ఒకటి, జనం ప్రశ్నలు అడిగేటప్పుడు ఎవరో ఒకరు లేచి ‘మరి ఫలానా ఆవిడ ఎందుకు చంపింది సార్’ అనేస్తే ఏం చెయ్యాలి? రెండోది కాస్త కష్టమైనది. నవల నచ్చింది గానీ ఒక విషయంలో మనసు కలుక్కుమంటోంది. కొండమీది ఊరు వచ్చినప్పుడల్లా కథ భయంలోకి వెళ్తుంది, చీకటి, డప్పులు, మంత్రం వేసే ఎజ్జోడు, ఏదో క్షుద్రం. పిలిచిన అతిథిని ఇది అడగొచ్చా?

సిరొంచ_ప్రాణహిత

అక్కా, అడగండి. తప్పకుండా అడగండి.

మాది గడ్చిరోలి జిల్లా, సిరొంచ. ఏరు దాటితే కాళేశ్వరం. మా ఊరి పేరు నవలల్లో వచ్చిందంటే అది అడవి, తుపాకీ, లేకపోతే చేతబడి. మీ మల్కాన్‌గిరి, కోరాపుట్ అంటే గంజాయి, కూంబింగ్. ఇక్కడ జనం పొలాలు దున్నుకుంటారని, పిల్లల్ని హాస్టల్లో వేసి అడ్మిషన్ కోసం తిరుగుతారని, బస్సు మిస్సయితే తిట్టుకుంటారని ఒక్క పుస్తకంలోనైనా కనిపిస్తే ఎంత బాగుండు. చేతబడి పేరు మీద మనుషుల్ని చంపడం నిజంగానే మన వైపుల జరుగుతోంది, కాదనను. మహారాష్ట్రలో మూఢనమ్మకాల మీద పోరాడిన దభోల్కర్ గారి హత్య తర్వాత 2013లో చేతబడి మీద చట్టం తెచ్చారు, అదే ఏడాది ఒడిశాలో కూడా మంత్రగత్తె అని పేరుపెట్టి వేధించడం మీద చట్టం వచ్చింది. కానీ అసలు చూడాల్సింది ఎక్కడ? ఒక ముసలామెని మంత్రగత్తె అని పేరుపెట్టి ఆమె భూమి ఎవరు తీసుకుంటున్నారు, ఎవరికి లాభం అన్న చోట. అంతకన్నా మంచి మిస్టరీ ఏముంది చెప్పండి? డప్పుల చప్పుడుతో భయపెట్టేసి అసలు ప్రశ్న వదిలేస్తే రచయితకే నష్టం. ఆయన్ని ఇలా అడగండి, ‘కొండమీది ఊళ్లో మీకు భయం వేసిందా, లేక పాఠకుడికి భయం వెయ్యాలని రాశారా?’ మర్యాదగా అడిగితే తప్పేం లేదు, ఆయన మీ ఊరి మీద పుస్తకం రాశారు, మీ ఊరివాళ్లు అడగకపోతే ఇంకెవరు అడుగుతారు.

చనిపోయిన మనిషి గురించి కూడా అడగండి. నేను థ్రిల్లర్లు చాలా చదువుతాను, తెలుగువీ మరాఠీవీ, చాలావాటిలో శవం దొరికిన పేజీ దాటాక ఆ మనిషి గురించి ఎవరూ పట్టించుకోరు. ఆ మనిషికి ఏం ఇష్టం, ఎవరికి డబ్బులు పంపేవారు, పోయాక ఆ ఇంటి అద్దె ఎవరు కడుతున్నారు, ఇవి రచయితకి తెలుసా? తెలిసి రాయనివి ఏమున్నాయి? పుస్తకంలో లేనిది అడుగుతున్నారు కాబట్టి పుస్తకం పాడవదు, పైగా ఆ పాత్ర ఆయన మనసులో ఎంత బతికి ఉందో తెలిసిపోతుంది.

ఇంకో మాట, ఈ సభ పెడుతున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. మరాఠీలో బాబూరావు అర్నాళ్‌కర్ వెయ్యికి పైగా డిటెక్టివ్ నవలలు రాశారు. తెలుగులో కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ పుస్తకాలు చేతులు మారి మారి అట్టలు ఊడిపోయేవి. ఇంతమంది చదివిన వాళ్లని కూర్చోబెట్టి, అయ్యా మీరు ఈ ముడి ఎలా వేశారు, ఎలా విప్పారు అని సీరియస్‌గా అడిగినవాళ్లు ఎంత తక్కువో. క్రైమ్ నవల అంటే కాలక్షేపం అనేసి వదిలేస్తారు. మీరు వదిలెయ్యలేదు.

బరంపురం_పాతపుస్తకాలు

మొదటి ప్రశ్నకి నేను చెప్తాను, ఇక్కడ అలాంటి సభలు కొన్ని నడిపాను.

సభని రెండుగా చెయ్యండి. మొదటి నలభై నిమిషాలు అందరికీ. ఆ తర్వాత టీ. టీ అయ్యాక మళ్లీ కూర్చునేది పుస్తకం పూర్తిగా చదివినవాళ్లే, అక్కడ ఎవరు చంపారు, ఎందుకు చంపారు, ముగింపు నాకు నచ్చలేదు, ఏదైనా మాట్లాడుకోవచ్చు. ఈ మాట సభ మొదట్లోనే చెప్పెయ్యండి, పిలుపు కాగితం మీద కూడా వెయ్యండి. మనిషికి తన ప్రశ్నకి ఒక చోటుందని తెలిస్తే ఆగుతాడు. లండన్‌లో క్రిస్టీ నాటకం ‘ది మౌస్‌ట్రాప్’ 1952 నుంచి ఆడుతోంది, మధ్యలో కోవిడ్‌కి ఆగింది గానీ మళ్లీ మొదలైంది, ప్రతి ఆట చివర ముగింపు బయట చెప్పొద్దని ప్రేక్షకుల్ని అడుగుతారు, జనం మాట నిలబెట్టుకుంటూనే ఉన్నారు. మనవాళ్లు మాత్రం ఎందుకు ఆగరు? అడగాలి అంతే.

ప్రశ్నలు చీటీల మీద రాయించి తీసుకుంటే ఇంకా మంచిది, మైకు చేతికి ఇవ్వొద్దు. చీటీలు ఒడియాలో రాసినా తీసుకోండి, మీరు చదివి తెలుగులో అడగండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి ఎవరూ చెప్పలేదు. రచయితకి ముందే ఫోన్ చేసి, ఏ పేజీ దాకా బాహాటంగా మాట్లాడుకోవచ్చో ఆయన్నే అడగండి. ఆ పేజీ నంబరు మీ చేతిలో ఉంటే మీరు స్వేచ్ఛగా మాట్లాడతారు, ఆయన కూడా నిశ్చింతగా ఉంటారు. క్రైమ్ రచయితలు చాలామంది స్టేజీ మీద ముభావంగా ఎందుకుంటారంటే ఎదుటివాళ్లు ఎక్కడ నోరు జారతారో అని వాళ్లకి గుండెల్లో గుబులు. ఆ గుబులు ముందు రోజే తీసెయ్యండి.

ప్లీడరు గారి మీద గౌరవంతోనే ఒక చిన్న మాట, సెక్షన్ల ప్రశ్నతో మాత్రం మొదలుపెట్టొద్దు. అది సగంలో రావాలి, ఆయన కుదురుకున్నాక. మొదట్లోనే వస్తే పరీక్ష పెట్టినట్టు ఉంటుంది.

పర్లాకిమిడి_ప్లీడరు

ఒప్పుకుంటాను. సగంలోనే అడగమ్మా.

రాయగడ_పాఠకురాలు

ఇవాళ సాయంత్రం ఆయనకి ఫోన్ చేశాను. పేజీ నంబరు అడగ్గానే గొంతులో తేడా తెలిసింది, ఇలా ఎవరూ అడగలేదండీ అన్నారు. ఏడో అధ్యాయం చివరిదాకా ఏదైనా మాట్లాడుకోవచ్చట. గంజి వార్చే పేజీ దాని లోపలే ఉంది. చదువుతారా అంటే సరేనన్నారు, ఆ పేజీ గురించి ఎందుకు అడుగుతున్నానో ఆయనకి అర్థమైంది కూడా, కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత దాని గురించి సభలోనే చెప్తాను అన్నారు.

కొండమీది ఊరి సంగతి ఫోన్‌లోనే చెప్పాను, ఒక్కసారిగా స్టేజీ మీద అడిగితే బాగుండదని. అడగండి, నేనూ దాని గురించి ఆలోచిస్తున్నాను అన్నారు. ఆ ఊళ్ల నుంచి ఎవరైనా వస్తే ఇంకా మంచిది అని ఆయనే అన్నారు, కాశీపూర్ వైపు నుంచి మాతో చదివే టీచరు గారు ఒకాయన ఉన్నారు, ఆయన చేత ఆ ప్రశ్న అడిగిస్తాను. నేను అడగడం కన్నా అదే సరి.

సెక్షన్లు చూశాను ప్లీడరు గారూ. 103 సరిగ్గానే ఉంది. కానీ ఒకచోట ఎస్సై ‘మా పరిధి కాదు, అవతలి ఠాణాకి వెళ్లండి’ అని పంపేస్తాడు, కథ 2025లో. ఇది తెలిసి రాశారా, ఆ ఎస్సై చట్టం తప్పాడని చూపించడానికా, సగంలో ఇదే అడుగుతాను. మీరు ముందు వరసలో ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది, పర్లాకిమిడి నుంచి గుణుపురం మీదుగా రాగలిగితే రండి. తేదీ, చోటు ఖాయం కాగానే ఇక్కడే పెడతాను.